ర్యామ్ వేశాక ఒక్క రాత్రి ఆగండి

మా వైపు కంప్యూటరు మొరాయిస్తే దుకాణంలో మొదట వినపడే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’. అప్పటికీ దారికి రాకపోతే ‘హార్డ్ డిస్కు పోయింది’ అంటారు. ఆ తర్వాత ‘బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకోండి’ అంటారు. ఈ మూడింటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, మెమొరీ పరీక్ష. దానికి ఒక స్క్రూడ్రైవరు, ఒక పెన్‌డ్రైవు, ఒక రాత్రి కరెంటు చాలు. ముఖ్యంగా ర్యామ్ పెంచిన తర్వాతే తంటా మొదలైందని గిరాకీ నోరు తెరిచి చెబుతున్నా ఆ పని చెయ్యకుండా డబ్బు ఖర్చు పెట్టించడం అన్యాయం.

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో నాకొక కంప్యూటర్ సర్వీసింగ్ దుకాణం ఉంది. ఇందుకూరుపేట, గంగపట్నం, తోటపల్లి గూడూరు, ముత్తుకూరు వైపు నుంచి మిషన్లు వస్తుంటాయి. రొయ్యల మేత డీలరు బిల్లులు కొట్టుకునేది, హేచరీలో లెక్కలు రాసేది, నెట్ సెంటరులో పట్టాదారు పాసుపుస్తకాల దరఖాస్తులు పెట్టేది, ప్రైవేటు బడిలో ఫీజుల పద్దు చూసేది... అన్నీ ఇలాంటివే. పదేళ్ళు దాటినవే ఎక్కువ. వాటికి ర్యామ్ వేయించుకునేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. వేయించుకున్నాక నీలం తెర వస్తోందనో, దానంతటదే రీస్టార్ట్ అవుతోందనో మోసుకొచ్చేవాళ్ళూ పెరిగారు.

ఎందుకు పెరిగారో లెక్క వేస్తే అర్థమవుతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లను, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, అధికారికంగా ఒప్పుకోదు. అలాగని కొత్త మిషను కొనగలిగే పరిస్థితీ లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచిన దెబ్బ రొయ్యల చెరువుల మీద బతికే ప్రతి ఇంటికీ తగిలింది. దాంతో ఉన్న మిషన్నే ఇంకో రెండేళ్ళు లాగుదామని ర్యామ్ దగ్గరికి వస్తారు. ఆ ర్యామ్ కూడా ఇప్పుడు చవక కాదు. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు చాలావరకు శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల నుంచే వస్తాయి. ఆ మూడింటికీ ఏఐ డేటా సెంటర్ల ఆర్డర్లు కట్టలు తెంచుకోవడంతో 2025 చివర్లో మార్కెట్లో ధరలు ఎగిరిపోయాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. కొత్త ర్యామ్ స్టిక్కు అందకపోతే జనం చూపు పాతదాని మీద పడుతుంది. మా నెల్లూరోళ్ళకు చెన్నై రిచీ స్ట్రీట్ దగ్గరే కదా. ఆఫీసుల నుంచి తీసేసిన మిషన్లలో ఊడదీసిన స్టిక్కులు అక్కడి నుంచి సంచుల్లో వస్తుంటాయి. పాత స్టిక్కు వెయ్యడంలో తప్పేమీ లేదు, నేనూ వేస్తాను. పరీక్ష పెట్టకుండా వేసి పంపడమే తప్పు.

గంగపట్నం వైపు చెరువుల మధ్య చిన్న నీటి పరీక్షల ల్యాబు పెట్టుకున్న కుర్రాడొకడు తన సీపీయూను బైకు వెనక కట్టుకుని వచ్చాడు. ‘అన్నా, ర్యామ్ ఏసినాక మూడు దినాలు బాగనే ఉండింది. ఆ తర్వాత ఉన్నట్టుండి నీలం తెర వస్తా ఉండాది. ఎక్సెల్ తెరిస్తే ఒకసారి, ఏమీ ముట్టుకోకపోయినా ఒకసారి’ అన్నాడు. అప్పటికే టౌనులో ఒక దుకాణంవాళ్ళు ఫార్మాట్ కొట్టారు. మళ్ళీ వస్తే మళ్ళీ కొట్టారు. తర్వాత కొత్త హార్డ్ డిస్కు అమ్మారు. చివరికి బోర్డు పోయిందని తేల్చారు. ఖర్చు సంగతి అలా ఉంచితే, చెరువుల వారీగా రాసుకున్న పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ రీడింగుల ఫైలు పాడైపోయింది. రెండు పంటల లెక్క అది. ఏ చెరువులో ఏ వారం ఏమైందో రైతు అడిగితే చూపించడానికి ఆ కుర్రాడి దగ్గర కాగితం కూడా లేదు.

ఆ ఫైలు ఎలా పాడైందో చెప్పాలంటే ర్యామ్ పనితీరు కొంచెం చెప్పాలి. ర్యామ్‌లో ప్రతి గదీ ఒక చిన్న కెపాసిటరు. దాంట్లో విద్యుత్తు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఆలోచించి, 1968లో పేటెంటు పొందిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఆ గదుల్లో విద్యుత్తు నిలవదు, కారిపోతూ ఉంటుంది. అందుకని మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గదినీ చదివి మళ్ళీ నింపాలి. 8 జీబీలో ఇలాంటి గదులు సుమారు 6,870 కోట్లు. రొయ్యల చెరువు కట్టకు ఒక్క పీత బొక్క పడితే ఏమవుతుందో మా వైపు చిన్నపిల్లాడికీ తెలుసు. ఇక్కడా అంతే. ఒక్క గది తేడా చేసినా, ఆ చోట ఏది వచ్చి కూర్చుంటే అది చెడుతుంది. విండోస్ సొంత కోడు కూర్చుంటే నీలం తెర. మీ ఎక్సెల్ షీటు కూర్చుంటే తప్పు అంకె, లేదా తెరుచుకోని ఫైలు. తప్పుగా మారిన అంకెనే మిషను నిజమనుకుని డిస్కు మీద రాసేస్తుంది. ఆ స్థితిలో ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్తే ఆ కొత్త విండోస్ ఫైళ్ళు కూడా అదే తప్పుడు మెమొరీ గుండా పోయి డిస్కు మీద కూర్చుంటాయి. అందుకే ర్యామ్ అనుమానం ఉన్నప్పుడు ఫార్మాట్ కొట్టడం వల్ల మంచి జరగకపోగా కీడు జరుగుతుందని ఇంత ఖరాఖండిగా చెబుతున్నాను.

మూడు రోజులు బాగుండి తర్వాత చెడటంలోనూ వింత లేదు. ఆ పాడు చోటు వాడకంలోకి వచ్చినప్పుడే తేడా కనపడుతుంది. నీలం తెర మీద ఒకసారి ‘మెమొరీ మేనేజ్‌మెంట్’ అని, ఇంకోసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’ అని, మరోసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అని వస్తుంది. డ్రైవరు చెడితే సాధారణంగా ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. పేరు మారుతూ వస్తోందంటే ముందు మెమొరీని అనుమానించాలి.

ఆ కుర్రాడి మిషను పక్క తలుపు తీస్తే సముద్రం పక్కన పెరిగిన మిషనని చూడగానే తెలిసింది. స్క్రూల తలలు తుప్పు పట్టాయి. లోపలి దుమ్ము ఊదితే లేవలేదు, తడి పట్టి అంటుకుపోయింది. బోర్డు మీద రెండు ర్యామ్ స్లాట్లు. పాత స్టిక్కు ఎనిమిదేళ్ళుగా ఒకే స్లాట్లో కదలకుండా కూర్చుంది. రెండోది అన్నాళ్ళూ ఖాళీ. కొత్త స్టిక్కు దాంట్లో పెట్టారు. నేను రెండూ తీసి, టార్చి కొట్టి లోపలికి చూశాను. పాత స్టిక్కు ఉన్న స్లాట్లో పిన్నులు పచ్చగా మెరుస్తున్నాయి. ఖాళీగా ఉండిన స్లాట్లో ఒక చివర పిన్నులు మసకబారి, రెండు మూడింటి అడుగున ఆకుపచ్చ తెలుపు కలిసిన పొక్కు కనపడింది. ఆ ల్యాబుకు ఒక పక్క చెరువులు, ఇంకో పక్క సముద్రం. గాలిలో ఉప్పు తేమ ఉండనే ఉంది. పిన్నుల మీద బంగారు పూత చాలా పలచన. ఆ పూతలో సన్నటి రంధ్రాలుంటాయి. వాటి గుండా తేమ, ఉప్పు లోపలికి దిగి అడుగునున్న రాగిని తింటాయి. స్టిక్కు కూర్చుని ఉన్న చోట పిన్ను స్టిక్కును గట్టిగా అదుముకుని ఉంటుంది కాబట్టి కొంత రక్షణ. ఖాళీ స్లాటుకు ఆ రక్షణ లేదు.

చూసినంత మాత్రాన తేల్చెయ్యకూడదు. కొత్త స్టిక్కును పాత స్టిక్కు ఉండిన స్లాట్లో ఒంటరిగా పెట్టి, పెన్‌డ్రైవు నుంచి మెమ్‌టెస్ట్86+ అనే మెమొరీ పరీక్ష ప్రోగ్రాము నడిపాను. రాత్రంతా నడిస్తే పొద్దున తెర మీద తప్పులు సున్నా. అంటే టౌనులో కొన్న స్టిక్కు మంచిదే. అదే స్లాట్లో పాతది పెడితే అదీ సున్నా. అంటే ఎనిమిదేళ్ళ పాతదీ మంచిదే. తర్వాత ఏ స్టిక్కునైనా రెండో స్లాట్లో పెడితే కాసేపటికే తెర అడుగున ఎర్ర గీతలు వరసగా దిగడం మొదలైంది. తప్పు వచ్చే చోటు కూడా ఒక్కటే కాదు, నడిపిన ప్రతిసారీ మారుతోంది. స్టిక్కులో గది చచ్చిపోతే ఎర్ర గీత పక్కన అదే చిరునామా మళ్ళీ మళ్ళీ కనపడుతుంది. చిరునామాలు చిందరవందరగా వస్తే స్లాటునో, వేగం సెట్టింగునో, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌నో చూడాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్షు ముంచి స్లాటును కడిగి, ఫ్యాను కింద బాగా ఆరనిచ్చి, స్టిక్కును నాలుగైదు సార్లు పెట్టి తీశాను. అలా రాసుకుంటే పిన్ను మీది మరక పోతుంది. మరుసటి రాత్రి రెండు స్టిక్కులతో పరీక్ష పెడితే తెల్లారేదాకా ఎర్ర గీత లేదు. ఆ మిషను ఇప్పుడు ల్యాబులో పని చేస్తోంది. ర్యామ్, బోర్డు, పాత హార్డ్ డిస్కు మూడూ మంచివే. ఆ కుర్రాడికి దక్కనిది రెండు పంటల లెక్క ఒక్కటే.

ఇక్కడ దుకాణదారులు రెండు మాటలు చెబుతారు. ఒకటి ఎండ. నెల్లూరు ఎండకు మిషను వేడెక్కి ఆగిపోతోందని సగం మందికి అదే మందు రాస్తారు. వేడికి ప్రాసెసరు ఇబ్బంది పడే మాట నిజమే, ఫ్యాను చూడాల్సిందే. కానీ మెమొరీ తప్పులన్నిటినీ వేడి మీదికి తోసెయ్యడానికి లేదు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజినీర్లు కలిసి గూగుల్ సర్వర్లను రెండున్నరేళ్ళు గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్కుల్లో కనీసం ఒక్క తప్పైనా కనపడింది. అంతకుముందు అందరూ అనుకున్నదానికంటే ఇది చాలా ఎక్కువ. వేడి ప్రభావం అనుకున్నంత లేదనీ, తప్పుల్లో ఎక్కువ భాగం చిప్పుల సొంత లోపాల వల్లే కావచ్చుననీ వాళ్ళు తేల్చారు. అవి ఏసీ గదుల్లో శుభ్రంగా నడిచే మిషన్లు. పైగా సర్వర్లలో ఈసీసీ అనే ఏర్పాటుంటుంది. ఒక బిట్టు చెడితే దానంతటదే దిద్దుకుంటుంది, చెడిందని నమోదు చేస్తుంది. మన ఇళ్ళలో, దుకాణాల్లో ఉండే మిషన్లకు ఆ ఏర్పాటు లేదు. తప్పు జరిగినట్టు చెప్పే నాథుడే లేడు. అలాంటప్పుడు పరీక్ష మనకే ఎక్కువ అవసరం.

రెండో మాట ‘స్లాట్లో పట్టింది కదా, పనిచేస్తుంది’ అనడం. పట్టినంత మాత్రాన సరిపోదు. జీ41 చిప్‌సెట్ ఉన్న పాత బోర్డులు ఇప్పటికీ నా దగ్గరికి వస్తున్నాయి. వాటికి 4 జీబీ స్టిక్కు వెయ్యాలంటే రెండు వైపులా కలిపి పదహారు చిప్పులున్నదే వెయ్యాలి. ఒకవైపే ఎనిమిది చిప్పులుండే కొత్త రకం పెడితే ఆన్ అవ్వదు, లేదా సగమే చూపిస్తుంది. ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికొచ్చే చవక స్టిక్కులు వేరే ఉన్నాయి. అవి ఇంటెల్ బోర్డులో పెడితే దండగ. సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ స్టిక్కులు చూడటానికి అచ్చం మామూలు వాటిలాగే ఉంటాయి, మామూలు డెస్క్‌టాప్‌లో పనిచెయ్యవు. లాప్‌టాప్‌ల్లో ఇంకో చిక్కు. నాలుగో తరం ఇంటెల్ లాప్‌టాప్‌లు చాలావరకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కోరుకుంటాయి. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పెడితే ఆన్ అవ్వకపోవచ్చు, ఆన్ అయినా నిలకడ ఉండకపోవచ్చు. స్టిక్కు మీది కాగితంలో పీసీ3 అని ఉంటే మామూలుది, పీసీ3ఎల్ అని ఉంటే తక్కువ వోల్టుది. ఇంకొకటి, 32 బిట్ విండోస్ ఉన్న మిషనుకు 8 జీబీ వేసి డబ్బు తీసుకోవడం. ఆ విండోస్ 4 జీబీ దాటి వాడుకోదు, ఆ నాలుగులోనూ కొంత తగ్గుతుంది. గిరాకీకి ఆ సంగతి ముందే చెప్పాలి.

రబ్బరు గురించి కూడా ఒక మాట. స్టిక్కు బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దేశంలో ప్రతి మెకానిక్కూ నేర్చిన మొదటి విద్య. మెత్తటి తెల్ల రబ్బరుతో ఒకసారి తేలిగ్గా తుడిస్తే ఫర్వాలేదు. ప్రతిసారీ గట్టిగా రుద్దితే ఆ పలచని పూతే అరిగిపోతుంది, అరిగాక ఉప్పుగాలికి అడ్డు ఉండదు. పైగా రబ్బరు స్టిక్కును శుభ్రం చేస్తుంది గానీ స్లాటును చెయ్యదు. సముద్రం పక్క ఊళ్ళలో జబ్బు ఎక్కువగా స్లాటులోనే. చేతులకు రాసుకునే శానిటైజరు, కిరసనాయిలు వాడకండి, జిడ్డు మిగిలిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా వానలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను పోయాక వచ్చిన మిషన్లలో చాలావాటికి కడిగి ఆరబెట్టడం తప్ప ఏ రిపేరూ అవసరం కాలేదు. వాడని స్లాటు మీద మూతలాంటిది వెయ్యడం, ఏడాదికొకసారి తెరిచి చూడటం కృష్ణపట్నం నుంచి జువ్వలదిన్నె దాకా ప్రతి ఆఫీసులోనూ అలవాటు కావాలి.

తోటి మెకానిక్కులు నాతో అనేది నాకు తెలుసు. స్టిక్కు మీద మిగిలేదే అంతంతమాత్రం, దానికి రాత్రంతా టేబులు మీద మిషను పెట్టుకుని కూర్చోవాలా, గిరాకీ గంటలో కావాలంటాడు కదా అని. గిరాకీ తొందర నిజమే. అయితే పరీక్షకు మనిషి కూర్చోనక్కర్లేదు. సాయంత్రం దుకాణం కట్టేటప్పుడు పెన్‌డ్రైవు పెట్టి మొదలుపెడితే పొద్దున వచ్చి చూసుకోవడమే. ఆ రాత్రికి వందో రెండొందలో అడగండి, ఇస్తారు. ఫార్మాటుకు ఇస్తున్నవాళ్ళు, అక్కర్లేని హార్డ్ డిస్కుకు వేలు పోస్తున్నవాళ్ళు పరీక్షకు ఇవ్వరా? కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. విడిభాగాలు, మాన్యువల్స్ జనానికి అందాలన్నది దాని ఉద్దేశం. మంచిదే. జబ్బేమిటో సరిగ్గా తెలుసుకునే హక్కు కూడా దానితోపాటు రావాలి. జిల్లాలో ప్రభుత్వ ఆఫీసులు, బడులు, సహకార సంఘాలు కంప్యూటర్ల నిర్వహణకు ఏడాది ఒప్పందం (ఏఎంసీ) రాసుకునేటప్పుడు అందులో ఒక్క షరతు చేర్చాలి: ర్యామ్ మార్చినా, చేర్చినా రాత్రంతా మెమొరీ పరీక్ష జరిపి, ఫలితం తెరను ఫోటో తీసి బిల్లుకు జతచెయ్యాలి, పరీక్ష కాకుండా ఫార్మాట్ చెయ్యకూడదు.

ఇళ్ళలో, దుకాణాల్లో మిషన్లు వాడేవాళ్ళకు చెప్పేదిది. ర్యామ్ వేయించాక ఆగిపోతుంటే ముందు ముఖ్యమైన ఫైళ్ళు వేరే చోటికి ఎక్కించుకోండి, పాత కాపీల మీద మాత్రం రాయకండి. మిషను ఆపి, ప్లగ్గు తీసి, కొత్త స్టిక్కు ఊడదీసి పాతదానితోనే రెండు రోజులు నడపండి. నిలకడగా ఉంటే తంటా కొత్త స్టిక్కులోనో, అది కూర్చున్న స్లాటులోనో ఉంది. రెంటినీ విడివిడిగా పరీక్షించమని అడగండి. విండోస్ వెతుకుడు పెట్టెలో ‘మెమొరీ డయాగ్నస్టిక్’ అని కొడితే విండోస్ సొంత పరీక్ష వస్తుంది. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే మెమ్‌టెస్ట్86+ ఉంది. రెండూ ఉచితమే. ఊడదీసిన పాత స్టిక్కును దుకాణంలో వదిలిపెట్టకండి. బిల్లు మీద కొత్త స్టిక్కు సీరియల్ నంబరు, వారంటీ ఎన్నాళ్ళో రాయించుకోండి. బిల్లు ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.